ఐరనీ ఉంది, మనుషులు లేరు

ప్రశ్న: నమస్కారమండీ. మాది విజయనగరం. పిల్లల చదువులు అయ్యాక కథలు రాయడం మొదలుపెట్టాను. కొన్ని అచ్చయ్యాయి. ఈ మధ్య రాసినది మాత్రం తిరిగొచ్చింది. కథ ఇదీ: సుజాతకి పెళ్లయి ఇరవై ఏళ్లు. భర్త మూర్తి కాంట్రాక్టరు. ఒక రాత్రి డాబా మీద అతను విడాకుల మాట ఎత్తుతాడు. ఆమె అతన్ని పిట్టగోడ మీంచి తోసేస్తుంది. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్లిపోతారు. కర్మకాండలన్నీ అయ్యాక బీరువాలో కాగితాలు దొరుకుతాయి. చనిపోవడానికి వారం ముందే అతను ఇల్లు ఆమె పేరున రిజిస్టర్ చేయించి ఉంటాడు. ఆమె కుప్పకూలిపోతుంది. నా స్నేహితురాలు చదివి, "ఐరనీ ఉంది, మనుషులు లేరు" అంది. రోల్డ్ డాల్ రాసిన గొర్రెమాంసం కథ చదవమంది. చదివాను. నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు ఇబ్బందిగా అనిపించింది. అందులో భార్య తప్పించుకుంటే సంతోషించాను! మా అమ్మాయి అయితే "హంతకురాలు అలా తప్పించుకుంటే అదేం కథ?" అంది. నా కథలో లోపం ఎక్కడుంది? కథ జత చేస్తున్నాను. పేరు వేయకండి.

సమాధానం: మీ స్నేహితురాలు ఒక్క ముక్కలో తేల్చేశారు. దాన్ని కాస్త విప్పి చెప్పడమే నా పని. ఐరనీ అంటే అనుకున్నదొకటైతే, దానికి సరిగ్గా ఎదురు తిరిగి ఇంకొకటి జరగడం. ముందు డాల్ కథ చూద్దాం, తర్వాత మీ డాబా ఎక్కుదాం.

చదవనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. 'ల్యాంబ్ టు ది స్లాటర్' 1953లో అమెరికాలోని హార్పర్స్ పత్రికలో వచ్చింది. మేరీ మలోనీకి ఆరో నెల. భర్త పాట్రిక్ పోలీసు డిటెక్టివ్. సాయంత్రం ఇంటికొచ్చి, ఆమెను వదిలేస్తున్నానని అర్థమయ్యేలా ఏదో చెబుతాడు. ఆమె నేలమాళిగలోకి దిగి, డీప్ ఫ్రీజర్‌లో చేతికి తగిలిన గొర్రెపిల్ల తొడ పట్టుకొస్తుంది. గడ్డకట్టి ఇనప కడ్డీలా ఉన్న ఆ మాంసంతో వెనక నుంచి అతని తల మీద కొడుతుంది. అతను చనిపోతాడు. ఆమె దాన్ని ఓవెన్‌లో పెట్టి, కొట్టుకు వెళ్లి కూరగాయలు తెచ్చుకుని, అప్పుడు పోలీసులకు ఫోన్ చేస్తుంది. వాళ్లు ఆయుధం కోసం ఇల్లంతా వెతికి వెతికి ఆకలి మీద ఉంటే, ఆమె బతిమాలి ఆ మాంసం పెడుతుంది. తింటూ తింటూ ఒకడు, ఆయుధం ఈ ఇంట్లోనే మన ముక్కు కిందే ఉండుంటుంది అంటాడు. పక్కగదిలో మేరీ కిసుక్కుమని నవ్వుతుంది.

పోలీసులే ఆయుధాన్ని తినేయడమన్న ఆలోచన జేమ్స్ బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్ డాల్‌కి చెప్పాడని అంటారు. ఎవరు చెప్పినా అది ఒక్క వాక్యంలో అయిపోయే జోకు. విని నవ్వి మర్చిపోవచ్చు. అలా మర్చిపోనివ్వకుండా డాల్ చేసిందల్లా, ఈ పని ఎలాంటి మనిషి చేతుల మీదుగా జరగాలో ఆలోచించడం. మీరు చదివినప్పుడు చివరి పేజీ మీదే దృష్టి పెట్టి ఉంటారు. నేను మాత్రం మొదటి పేజీకి వెళ్లమంటాను.

గది వెచ్చగా, శుభ్రంగా ఉంది. పరదాలు వేసి ఉన్నాయి. ఆమె కుర్చీ పక్కన ఒక దీపం, ఎదురుగా అతని ఖాళీ కుర్చీ పక్కన ఒక దీపం. విస్కీ, సోడా, ఐసు, రెండు పొడుగాటి గ్లాసులు సిద్ధం. ఆమె కుట్టుపని చేసుకుంటూ మాటిమాటికీ గడియారం వైపు చూస్తుంది. ఆందోళన ఏమీ లేదు, అతను వచ్చే వేళ దగ్గరపడుతోందన్న సంతోషమే. కారు చక్రాల చప్పుడు, అడుగుల చప్పుడు, తాళంచెవి తిరిగే చప్పుడు అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. వచ్చాక కోటు అందుకుంటుంది, గ్లాసు కలిపిస్తుంది. మొదటి గ్లాసు అయ్యేదాకా అతను మాట్లాడడని తెలుసు, అందుకని తనూ మాట్లాడదు. తర్వాత చెప్పులు తెస్తానంటుంది, జున్నూ బిస్కెట్లూ తెస్తానంటుంది. చదివేవాళ్లకి కాస్త విసుగు కూడా పుడుతుంది. పుట్టాలనే డాల్ మనల్ని అక్కడ అంతసేపు కూర్చోబెట్టాడు.

ఇప్పుడు హత్య తర్వాత ఆమె చేసినవి లెక్కబెట్టండి. వంట పొయ్యి మీదికెక్కించింది. తల దువ్వుకుంది, పెదాలకు రంగు సరిచేసుకుంది. కూరలు కొంది. ఇంటికొచ్చినవాళ్లకి డ్రింకు పోసింది. తినమని బతిమాలింది. ఇందులో ఒక్కటైనా నిన్నటిదాకా చేయని పని ఉందా? ఈ కథ మీద పరీక్షల్లో 'పాత్రలో పరివర్తన' అని రాస్తుంటారు. అమాయకురాలు కిరాతకురాలిగా మారిపోయిందట. నాకలా అనిపించదు. మేరీ మారలేదు. భర్త మనసు ఎప్పుడెలా ఉంటుందో కనిపెట్టి మసలుకోవడం ఆమెకి ఏళ్ల తరబడి అలవాటు. ఆ రాత్రి అదే నేర్పు పోలీసుల మీద వాడింది. అద్దం ముందు నిలబడి, కొట్టు సామ్‌తో ఏమనాలో గొంతు సవరించుకుని మరీ సాధన చేస్తుంది చూడండి. బంగాళాదుంపలు కావాలి సామ్, బఠాణీ డబ్బా కూడా ఇవ్వు అని. మొదట గొంతు వింతగా ఉంటుంది, అందుకని మళ్లీ అంటుంది. చదువుతుంటే ఒక అనుమానం వస్తుంది: రోజూ ఐదింటికి అతను వచ్చేముందు కూడా ఇలాంటి సాధన ఏదో లోపల్లోపల చేసేదేమో. డాల్ ఆ మాట అనడు. మనకు అనిపిస్తే చాలు.

మీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఐరనీని పాత్ర తన స్వభావంతో తను చేసుకుపోవాలి. రచయిత పైనుంచి తెచ్చి పడేస్తే అది యాదృచ్ఛికం అవుతుంది.

ఆయుధం సంగతే తీసుకోండి. ఆమె దాన్ని ఎంచుకోలేదు. మొగుడు పిడుగులాంటి మాట చెప్పాక కూడా ఆమె నోట వచ్చింది వంట మొదలుపెడతాననే. ఆ వంట కోసమే కిందికి వెళ్లింది, చేతికి ఏది తగిలితే అది తీసింది. తీసుకుని పైకొస్తే అతను కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి, నాకోసం వండకు, బయటికి పోతున్నా అంటాడు. అప్పుడు కొట్టింది. చేతిలో రాత్రి భోజనం ఉంది కాబట్టి ఆ భోజనమే ఆయుధమైంది. మీ కథలో పిట్టగోడకి ఇలాంటి కారణం ఉందా? డాబా మీదికి వాళ్లిద్దరూ ఎందుకెళ్లారో మీరు రాయలేదు. తొయ్యడానికి మీకు ఎత్తు కావాలి, అందుకని వెళ్లారు.

పాట్రిక్ చెప్పిన మాటలు కథలో దాదాపు లేవు. ఆమెకి చెప్పాడు అని ఊరుకుని, ఆ చెప్పింది నాలుగైదు నిమిషాలకు మించలేదంటాడు డాల్. ఇంకో ఆడది ఉందా, ఎందుకు వదిలేస్తున్నాడు అన్నవి లేవు. ఉంటే మనం పంచాయితీ పెట్టి కూర్చునేవాళ్లం. బదులుగా చివర్లో అతను అన్న రెండు మూడు ముక్కలు మాత్రం ఇచ్చాడు: డబ్బు ఇస్తాను, ఏ లోటూ లేకుండా చూస్తాను, గొడవ మాత్రం చేయకు, నా ఉద్యోగానికి మంచిది కాదు. మనిషి మొత్తం ఆ చివరి ముక్కలో దొరికిపోయాడు. స్టేషన్లో తెలిస్తే పరువు పోతుందని భయపడిన పెద్దమనిషి ఇంటికి ఆ రాత్రి స్టేషనంతా దిగింది! ఈ ఐరనీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు మాంసం తినడం కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఇక పోలీసులు. చాలామంది వాళ్లని మొద్దులనుకుంటారు. అలాగైతే కథ చప్పబడిపోయేది. వాళ్లు పని తెలిసినవాళ్లే. ఆయుధం దొరికితే మనిషి దొరుకుతాడన్న సూత్రం తప్పేమీ కాదు. ఆమె చెప్పింది నిజమో కాదో చూడ్డానికి సామ్ దగ్గరికి మనిషిని పంపారు కూడా. అతను వచ్చి ఏమని చెప్పాడు? ఆమె మామూలుగానే ఉంది, హుషారుగా ఉంది, మొగుడికి మంచి భోజనం పెట్టాలనుకుంది, బఠాణీలు, చీజ్‌కేక్ కొంది, ఆమె చేసిందనుకోవడం అసాధ్యం అని. సాక్ష్యం ఏమిటయ్యా అంటే ఆమె మంచి ఇల్లాలు కావడమే. ఆ పోలీసుల్లో జాక్ నూనన్ ఆమెకి ఎప్పటినుంచో తెలిసినవాడు. మా ఇంటికి వచ్చి నా భార్య దగ్గర ఉంటావా అని దయగా అడుగుతాడు. ఆ దయ వల్లే ఓవెన్‌లో ఏముందన్న ప్రశ్న వాళ్లకి తట్టదు. పొయ్యి ఇంకా వెలుగుతోందని గమనించింది కూడా నూననే. గమనించి, ఆర్పేయమంటావా అని అడిగాడు!

మీరు నవ్వినందుకు ఇబ్బంది పడ్డారన్నారు. పడాల్సిందే. కథ పొడుగునా మనకి తెలిసింది పోలీసులకి తెలియదు, కాబట్టి మనం ఆమె పక్కన చేరిపోయాం. మధ్యలో డాల్ ఇంకో పని చేశాడు. సరుకుల సంచీతో తిరిగొచ్చి భర్తని నేల మీద చూడగానే ఆమె నిజంగానే బావురుమంటుంది. పాత ప్రేమంతా పొంగుకొస్తుంది. నటించాల్సిన అవసరమే లేకపోయిందంటాడు. ఆ ఏడుపు అబద్ధమైతే మనం ఆమెని వదిలేసేవాళ్లం. నిజమైంది కాబట్టి వదల్లేకపోయాం. చివరికి ఆ నవ్వు వినబడ్డాక మాత్రం ఆమె మన చేతుల్లోంచి జారిపోతుంది. అది ఉపశమనమా, పిచ్చా, గెలుపా? ఒక్క నవ్వుతో వదిలేశాడు. మీ ఊరివాడే అయిన గురజాడ 1910లో 'దిద్దుబాటు'లో చివర మంచం కింద నుంచి కమలిని చేత నవ్వించాడు గుర్తుందా? అక్కడ హత్య లేదు, సరదా కథ. కానీ అక్కడా స్త్రీవిద్య గొప్పదని చెప్పే మొగుణ్ణి చదువుకున్న భార్య రాసిన ఉత్తరమే బోల్తా కొట్టిస్తుంది. గోపాలరావు గొప్పలు గోపాలరావుకే తగులుకున్నాయి. దాక్కున్న భార్య నవ్వితే అక్కడ మనకి హాయిగా ఉంటుంది. మేరీ నవ్వితే అంత హాయి ఉండదు.

మీ అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న. టీవీవాళ్లకి కూడా ఆ బెంగే పట్టుకుంది. 1958లో సస్పెన్స్ సినిమాల దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఈ కథని తన టీవీ సీరీస్‌లో తీశాడు. బార్బరా బెల్ గెడ్డెస్ మేరీగా చేసింది. కథంతా అయ్యాక హిచ్‌కాక్ తెర మీదికొచ్చి, మేరీ తర్వాత పట్టుబడిందని చెబుతాడు. రెండో మొగుణ్ణి కూడా ఇలాగే కొట్టబోతే, అతను మతిమరుపు మనిషి కావడంతో ఫ్రీజర్ ప్లగ్గు పెట్టడం మర్చిపోయాడట, మాంసం మెత్తగా ఉందట! జోకు బాగుంది. కానీ ఒక్క వాక్యంతో మేరీని మొగుళ్లని చంపే అలవాటున్న మనిషిని చేసేశాడు. అప్పటిదాకా చూసిన ఆమె మాయమైపోయింది. శిక్ష వేసినందుకు నాకు అభ్యంతరం లేదు. ఆ శిక్ష ఆ మనిషికి పడాల్సిన రకం కాదు, అంతే. హంతకురాలు తప్పించుకోవచ్చు, దొరికిపోవచ్చు. ఏదైనా తన గుణం వల్లే జరగాలి. అమ్మాయికి ఇలా చెప్పి చూడండి, ఒప్పుకోకపోయినా చర్చ బాగుంటుంది.

ఇంకో కథ కూడా చదవండి. సుజాన్ గ్లాస్పెల్ 1917లో రాసిన 'ఎ జ్యూరీ ఆఫ్ హర్ పీర్స్'. అంతకుముందు ఏడాది దీన్నే 'ట్రైఫిల్స్' (అల్ప విషయాలు) అని చిన్న నాటికగా రాసింది. అయోవా రాష్ట్రంలో 1900లో ఒక రైతు హత్యకు గురైతే, విలేకరిగా ఆ కేసు గురించి వార్తలు రాసిన మనిషి ఆమె. కథలో మొగుణ్ణి చంపిందంటున్న మిన్నీ రైట్ ఒక్కసారి కూడా కనిపించదు. ఆమె అప్పటికే జైల్లో ఉంది. మగవాళ్లు హత్యకి కారణం కోసం మేడ మీదా కొట్టంలోనూ వెతుకుతుంటారు. వాళ్లతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు వంటింట్లో కూర్చుని, బొంత మీద ఉన్నట్టుండి అడ్డదిడ్డంగా పడ్డ కుట్లు చూస్తారు, తర్వాత కుట్టుపెట్టెలో మెడ విరిచేసిన పిచ్చుకలాంటి పెంపుడు పిట్టని చూస్తారు. అంతా అర్థమైపోతుంది. అర్థమయ్యాక ఏం చేశారన్నది మీరే చదవండి. ఆడవాళ్లవన్నీ అల్ప విషయాలని నవ్విన మగవాళ్లకి సాక్ష్యం ఆ అల్ప విషయాల్లోనే ఉందని తెలియకుండా పోతుంది. మీకు డాల్ కన్నా ఈమె ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. కుట్టు తప్పిన బొంత ఒక్కటి చూపించి మనిషిని నిలబెట్టింది.

ఇప్పుడు మీ కథ. ముందు ఆ రిజిస్ట్రేషన్ కాగితాలు తీసేయండి. ఆరో పేజీలో విడాకులివ్వకపోతే రోడ్డున పడేస్తానన్న మూర్తి, వారం ముందే ఇల్లు ఆమె పేర ఎందుకు రాశాడు? సుజాత మీద ప్రేమతో అయితే కాదు. మీ ముగింపు మీద ప్రేమతో రాశాడు. పైగా ఆ కాగితాలతో కథ 'తొందరపడితే ఇంతే' అన్న నీతికి దిగిపోయింది.

సుజాత త్యాగం, కన్నీళ్లు పేజీల కొద్దీ ఉన్నాయి. వాటిని కూడా సగానికి సగం కోసేయండి. ఆమె చేతులు రోజంతా ఏం చేస్తుంటాయో ఒక్కచోటే రాశారు, అది బంగారంలా ఉంది: మూర్తి చొక్కాకి గుండీ వదులైతే అతను గమనించకముందే కుట్టేస్తుంది, ఊడిన గుండీలన్నీ పాత హార్లిక్స్ సీసాలో దాస్తుంది. ఇది రాసి మీరే మర్చిపోయారు! మళ్లీ ఎక్కడా ఆ సీసా ఊసు లేదు. కథ అక్కడుంది.

ఆరేసిన బట్టలు తేవడానికి ఆమె డాబా ఎక్కనివ్వండి. ఫోన్ మాట్లాడుకోవడానికి అతను అప్పటికే అక్కడ ఉండనివ్వండి. తోపులాటలో అతని చొక్కా గుండీ ఒకటి ఊడి పిట్టగోడ దగ్గర పడింది. కింద జనం అరుస్తున్నారు. ఆమె వంగి గుండీ తీసుకుంది, కొంగున ముడేసుకుంది, కిందికొచ్చాక అలవాటుగా సీసాలో వేసేసింది. సాక్ష్యం మాయం చేస్తున్నానని ఆమెకి తెలియదు. ఇరవై ఏళ్లుగా గుండీ కనబడితే చేసేదే చేసింది.

పోలీసుల సంగతి కూడా కొంచెం సరిచేసుకోవాలి. మన దగ్గర ప్రమాదమని రాసుకుని వెళ్లిపోవడం కుదరదు. అసహజ మరణమైతే శవ పంచనామా రాయాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో అది 174వ సెక్షన్. 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194వ సెక్షన్. చుట్టుపక్కలవాళ్లలో కనీసం ఇద్దరు గౌరవనీయుల్ని కూర్చోబెట్టుకుని, చావు ఎలా జరిగినట్టు కనిపిస్తోందో రాస్తారు. అనుమానం ఉంటే పోస్ట్‌మార్టం. చట్టం మీకు ఎంత మంచి సన్నివేశం ఇచ్చిందో చూడండి! ఎస్సై శవాన్ని చూసి చొక్కాకి పైగుండీ లేదేమిటని అడిగాడనుకోండి. పక్కింటి పెద్దావిడ వెంటనే అందుకుంటుంది: "సుజాత ఉండగా ఆయన చొక్కాకి గుండీ లేకపోవడమేంటి బాబూ, పడ్డప్పుడే ఊడుంటుంది." కానిస్టేబుల్ కింద నేల మీద కాసేపు వెతుకుతాడు. పంచనామాలో రాసేసుకుంటారు. ఆమె మంచి పేరే ఆమె నేరాన్ని కప్పేసింది, చెప్పినావిడకి కూడా తెలియకుండా.

ఇక్కడ మీకు ఒక దురద పుడుతుంది. సుజాత చేత ఆ గుండీని కానిస్టేబుల్ చొక్కాకి కుట్టించాలని. వద్దు. అది డాల్ కథకి నకలు అవుతుంది. సుజాతకి పోలీసుల్ని ఊరడించాల్సిన పని కూడా లేదు. మన ఇళ్లలో చావు జరిగితే ఇంటావిడ వండిపెట్టదు, చుట్టాలే వచ్చి ఇల్లంతా ఆక్రమిస్తారు. ఆ రద్దీలో సీసా ఎవరి చేతిలో పడుతుందో, గుండీ సంగతి సుజాతకి ఎప్పుడు స్ఫురిస్తుందో మీరు తేల్చుకోండి. ఆడపడుచు తన పిల్లాడి చొక్కాకి గుండీ కోసం ఆ సీసా తెరవచ్చు. ఎవరూ ఎప్పటికీ తెరవకపోవచ్చు కూడా. స్ఫురించాక ఏడవాలా నవ్వాలా అన్నది ఇప్పుడే నిర్ణయించుకోకండి. మిగతాదంతా రాశాక సుజాతే చెబుతుంది.

ఇంకో మాట. టీవీ వార్తల భాష మీ కథలోకి కొంచెం చొరబడింది. 'కసాయి భార్య', 'కట్టుకున్నవాడినే కడతేర్చి' లాంటివి ఎస్సై నోటనో చుట్టాల నోటనో రావచ్చు, కథ చెప్పే గొంతులో రాకూడదు. ఆ మాట పడిందంటే తీర్పు అయిపోయినట్టే, పాఠకుడికి ఇక ఊహించడానికేమీ మిగలదు.

తిరగరాసేటప్పుడు మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టకండి. డాబా మీద మూర్తి చెప్పిన మాటలతో మొదలుపెట్టండి. మీ ప్రతిలో అతను పేజీన్నర మాట్లాడాడు. దాన్ని నాలుగు వాక్యాలకి కుదించండి. ఆ నాలుగింటిలో ఒకటి బిల్లుల గురించో, పెద్ద కాంట్రాక్టు చేజారిపోతుందన్న భయం గురించో ఉండాలి. అవి కుదిరాక నాకు పంపండి, మిగతాది తర్వాత చూద్దాం.